ఆరు మిల్లీమీటర్లు

తెల్లవారి ఐదున్నర. తార్నాక చౌరస్తాలో మెట్రో స్తంభాల కింద వీధి దీపాలు ఇంకా ఆరలేదు. మిరుగు దాటి వారమైనా చినుకు జాడ లేదు, పొద్దున్నే ఒళ్లంతా ఉక్క. ఇడ్లీ బండి అతను అప్పుడే స్టవ్ వెలిగిస్తున్నాడు. పాల ప్యాకెట్లు దించిన ఆటో లాలాగూడ వైపు తిరిగిపోయింది. మీరు ఒక అమ్మాయి వెనకాల నడుస్తున్నారు. ఆమె భుజానికి తెల్లటి థర్మాకోల్ పెట్టె వేలాడుతోంది, చేతిలో తాడు చుట్ట ఉంది. ఉస్మానియాలో మైక్రోబయాలజీ పరిశోధన చేస్తోంది. ఊరు సూర్యాపేట దగ్గర. ఇంట్లో వాళ్లకు తన పని గురించి "నీళ్ల పరీక్ష" అని మాత్రమే చెప్పిందట. ఏ నీళ్లో చెప్పలేదు.

పెద్ద రోడ్డు వదిలి రెండు మలుపులు తిరిగితే ఒక ఆసుపత్రి వెనక గోడ వస్తుంది. పేరు చెప్పను. ఈ సంగతి ఆ ఒక్క గోడది కాదు. ముందు నుంచి చూస్తే అద్దాలు, గాజు తలుపులు, గణపతి బొమ్మ. వెనక మాత్రం ఏసీ నీళ్లు కారిన పాచి చారలు, పసుపు, ఎరుపు సంచులు పెట్టిన డబ్బాలు, గోడలోంచి నేలలోకి దిగిన లావుపాటి గొట్టం. ఆ గొట్టం కలిసే చోట మోరీ మీద బండ సగం పక్కకు జరిగి ఉంది. ఫినాయిలు వాసన, దాని కింద ఇంకో వాసన.

ఆమె రెండు జతల చేతితొడుగులు వేసుకుని మోకాళ్ల మీద కూర్చుంటుంది. తాడు కట్టిన సీసాను నీళ్లు వచ్చే దిక్కుకు మూతి తిప్పి దించుతుంది. "వెనక్కి తిప్పితే మన చేతిమీది క్రిములు కూడా అందులో పడతాయి సార్." సీసాను నిండా నింపదు, పైన కొంచెం ఖాళీ వదులుతుంది. థర్మామీటరు ముంచి చూస్తే 29 డిగ్రీలు. నోటు పుస్తకంలో తారీఖు, టైము రాస్తుంది. సీసా మంచుగడ్డల మధ్యకు వెళ్తుంది. ఆరు గంటల్లోపు ల్యాబులో పని మొదలుపెట్టాలి. ఆలస్యమైతే సీసాలో కొన్ని క్రిములు చచ్చిపోతాయి, కొన్ని పెరుగుతాయి. అప్పుడు లెక్క మోరీది కాదు, సీసాది అవుతుంది.

"ఏం పట్టుకపోతున్నవ్ బిడ్డా, గీ మోరీ నీళ్లు?"

రేడియం పట్టీల జాకెట్ వేసుకున్న సఫాయి కార్మికురాలు చీపురు ఆనించి నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. కాళ్లకు అరిగిపోయిన హవాయి చెప్పులు.

"పరీక్షకు పెద్దమ్మా. ఈ నీళ్లల్ల క్రిములు మందులకు సస్తున్నయా, లేదా అని చూస్తం."

"సావకుంటే?"

అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేకపోయింది. పెద్దమ్మ తన ఎడమకాలు ముందుకు చాపింది. చీలమండ పైన చెయ్యి వెడల్పున పుండు. అంచులు ఉబ్బి ఉన్నాయి, మధ్యలో పచ్చటి తడి. "నెల సంది మానుతలేదు. మెడికల్ షాపుల గోలీలిచ్చిండు. రెండు దినాలేసుకుంటే జర తగ్గింది, బంద్ చేసిన. మళ్ల వచ్చింది. మళ్ల ఏసుకున్న. ఇప్పుడు ఏసుకున్నా తగ్గుతలేదు." ఆ కాలిని తిరిగి మోరీ పక్కన, తడి నేల మీదే పెట్టింది.

స్కూటీ మీద మీ ఇద్దరి మధ్య థర్మాకోల్ పెట్టె. జాతీయ పోషకాహార సంస్థ గోడ పక్కనుంచి క్యాంపస్ వైపు వెళ్తున్నారు. ఈ సంస్థ 1918లో నీలగిరుల్లో, కూనూరులో, బెరిబెరి జబ్బు మీద చిన్న పరిశోధనగా మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. ఉస్మానియా పుట్టింది కూడా 1918లోనే. చౌరస్తా నుంచి ఉప్పల్ వైపు వెళ్తే ముందు రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, ఆ తర్వాత హబ్సీగూడలో జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ. జబ్బుల గురించీ మందుల గురించీ తెలిసిన మనుషులు ఒక్క రోడ్డు మీద ఇంత దగ్గరగా ఉన్న చోట్లు మన దేశంలో చాలా తక్కువ. మురుగునీటిని చదవడం ఈ రోడ్డుకు కొత్త కూడా కాదు. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ కలిసి నగరపు మురుగు శుద్ధి కేంద్రాల్లోంచి నీళ్లు తెచ్చి, అందులో కరోనా వైరస్ జాడ వెతికాయి. పరీక్ష చేయించుకోని వాళ్లనూ కలుపుకుని, నగర జనాభాలో 6 శాతం, అంటే దాదాపు 6.6 లక్షల మందికి అప్పటికే సోకి ఉంటుందని ఆ ఆగస్టులో అంచనా కట్టాయి. మనిషి చెప్పనిది మోరీ చెప్పింది.

ఆర్ట్స్ కాలేజీ ముందు నడక జనం. గులాబీ రాళ్ల మీద మొదటి ఎండ. ఆమె అటు చూడదు. ఎడమచేత్తో పెట్టెను వీపుకు అదుముకుని, స్పీడు బ్రేకర్ల మీద మెల్లగా పోతుంది.

ల్యాబులో స్పిరిట్ దీపం నీలిమంట. ఒక మిల్లీలీటరు మోరీ నీటిని 9 మిల్లీలీటర్ల ఉప్పునీటిలో కలుపుతుంది. అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి మళ్లీ 9లో. అలా ఆరుసార్లు. చివరి గొట్టంలో ఉన్నది పది లక్షల్లో ఒక వంతు మోరీ. చూడ్డానికి తాగే నీళ్లంత తేటగా ఉంటుంది. "అందుకే సార్, నీళ్లు తేటగా ఉన్నాయని ఎవరన్నా అంటే నాకు నమ్మకం కుదరదు." ఒక్కో గొట్టంలోంచి ఒక్కో చుక్క తీసి గాజు కడ్డీతో పళ్లేల మీద పరుస్తుంది. మెకాంకీ అగర్ అనే ముదురు ఎరుపు జెల్లీ అది. పేగుల్లో ఉండే ఈ. కోలై లాంటివి దాని మీద గులాబీ చుక్కలుగా మొలుస్తాయి. పళ్లేలు రెండు వరసలు. ఒక వరసలో ఉత్త జెల్లీ, రెండో వరసలో సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ కలిపిన జెల్లీ. మొదటి వరసలో వంద మొలిచి రెండో వరసలో ఒకటి మొలిస్తే ఒక సంగతి. రెండింటిలోనూ దాదాపు సమానంగా మొలిస్తే ఇంకో సంగతి.

ఇంక్యుబేటర్ తలుపు మూసుకుంది. 37 డిగ్రీలు, మన ఒంటి వేడి. ఇక రేపటిదాకా చేసేదేం లేదు.

మధ్యాహ్నం మూడింటికి వాన వచ్చింది.

మొదట దుమ్ము, తర్వాత చెట్లన్నీ ఒకేసారి ఊగడం, ఆ తర్వాత మట్టివాసన. మీరు వరండాలో నిలబడి ఊపిరి గుండెల నిండా లాగుతున్నారు. తొలకరి వాసన తెచ్చేది నేల కాదు, నేలలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా. అది తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థమే చినుకుతో గాలిలోకి లేస్తుంది. మన యాంటీబయాటిక్స్‌లో చాలావాటిని తయారుచేసేదీ ఆ జాతే. 1945లో అమెరికాలో, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలంలోంచి తీసిన మట్టిలో బంగారు రంగు పూసే అలాంటి జీవి ఒకటి దొరికింది. దాన్ని వేరుచేసింది డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసిన లెడర్లీ ల్యాబుల్లో పరిశోధనకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మట్టిలోంచే ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది. 1948లో దాన్ని లోకానికి చెప్పారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఒక విశ్వవిద్యాలయం మట్టిలోంచి మందు పుట్టింది. ఇంకో విశ్వవిద్యాలయం పక్క మోరీలో ఆ మందులకు లొంగనివాటిని వెతుకుతున్నాం. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నా గొంతులో ఏదో అడ్డుపడుతుంది. సుబ్బారావు గారి తర్వాత కొద్దికాలానికే, అదే లెడర్లీలో, ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి త్వరగా బరువెక్కుతున్నాయని కనిపెట్టారు. జబ్బు లేని కోళ్లకు మందు పెట్టడం అక్కడ మొదలైంది. చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన కోలిస్టిన్ అనే మందును కోళ్ల దాణాలోంచి తీసేయాలని మన దేశం నిషేధం పెట్టేసరికి 2019 జూలై వచ్చింది.

క్రిములు మందును తట్టుకోవడం మనిషి కనిపెట్టింది కాదు. 30,000 ఏళ్లనాటి గడ్డకట్టిన నేలలో కూడా మందును తట్టుకునే జన్యువులు దొరికాయి. మట్టిలో ఒకటి విషం చిమ్మితే పక్కది కవచం తొడుక్కునేది. ఎన్నో వేల ఏళ్లు అది సమానమైన పోరుగానే సాగింది. మనం వచ్చి ఒక పక్షపు విషాన్ని టన్నుల లెక్కన పారబోశాం. ఎక్కడ పారబోశామో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రంలో, శుద్ధి చేసి బయటకు వదిలిన నీటిని స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ కనబడింది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఒక్క రోజులో అక్కణ్నుంచి పోయే సిప్రో సుమారు 45 కిలోలని, 90 లక్షల మంది ఉన్న స్వీడన్ దేశం ఐదు రోజుల్లో వాడేదానికి అది సమానమని 2007లో రాశారు. ఆ ప్రాంతపు ఇసుకవాగు, నక్కవాగు అడుగు మట్టిలో మందును తట్టుకునే జన్యువులు పోగుపడి ఉన్నాయని ఆ తర్వాతి పరిశోధనలు చూపించాయి. మందుల కంపెనీల వ్యర్థాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో చెబుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ హద్దులు లేవు. నాకు మింగుడుపడని సంగతుల్లో ఇది ఒకటి.

ఆసుపత్రి మోరీ పటాన్‌చెరు కాదు. ఇక్కడ మందు చాలా తక్కువ. కానీ ఆ తక్కువే ఇక్కడి చిక్కు. మనం మింగిన సిప్రోలో దాదాపు సగం ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి పోతుంది. వార్డులన్నిటి మూత్రం, రోగుల పేగుల్లోని క్రిములు, నేల తుడిచిన ఫినాయిలు, గోరువెచ్చని నీళ్లు, అన్నీ ఒకే గొట్టంలో కలుస్తాయి. గొట్టం గోడలకు పట్టిన జిగట పొరలో క్రిములు గుంపులుగా అతుక్కుని ఉంటాయి. చంపేంత మందు లేదు, అలవాటు చేసేంత ఉంది. ఒక క్రిమి తన దగ్గరున్న చిన్న డీఎన్ఏ ఉంగరాన్ని పక్కదానికి అందిస్తుంది. దాని పేరు ప్లాస్మిడ్. తల్లి నుంచి పిల్లకే కాదు, ఏ చుట్టరికమూ లేని పొరుగుదానికి కూడా. మూడు నాలుగు మందులను తట్టుకునే నేర్పు ఒక్క ఉంగరంలోనే ఉండొచ్చు. ఆసుపత్రుల ద్రవ వ్యర్థాలను శుద్ధి చేశాకే బయటి మురుగులో కలపాలని 2016 నాటి నిబంధనలు చెబుతాయి. అవి సరిగ్గా అమలైన చోట ఈ కలయిక చాలా తగ్గుతుంది.

వాన ఆగలేదు. ఆమె కిటికీలోంచి చూస్తూ, "ఇప్పుడు అక్కడ మోరీ పొంగి ఉంటుంది" అంది. ఇద్దరికీ ఒకే కాలు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ముఖానికి వెచ్చటి పులిసిన గాలి. పళ్లేలను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటుంది. మొదటి వరసలో గులాబీ చుక్కలు. రెండో వరసలో, మందు కలిపిన జెల్లీ మీద, అవే గులాబీ చుక్కలు. కొన్ని తక్కువేమో, అంతే. మీకు లెక్క అక్కర్లేదు, కంటికే తెలుస్తోంది. ఆమె ఏమీ అనదు. ఒక్కో చుక్కను సూదితో తాకి ఇంకో పళ్లెంలోకి నాటుతుంది.

మూడో రోజు అసలు పరీక్ష. నాటిన క్రిమిని ఉప్పునీటిలో కలిపి, లేత మబ్బు రంగు వచ్చేదాకా చూసి, దూదిపుల్లతో ముల్లర్ హింటన్ అగర్ మీద పళ్లెమంతా పూస్తుంది. దాని మీద పట్టుకారుతో చిన్న కాగితపు బిళ్లలు పెడుతుంది. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. యాంపిసిలిన్, సెఫోటాక్సిమ్, సిప్రోఫ్లోక్సాసిన్, మెరోపెనెమ్. పక్కనే ఇంకో పళ్లెం, సరిచూసుకోవడానికి. అందులో ఉన్నది 1946లో అమెరికాలోని సియాటిల్‌లో ఒక రోగి నుంచి తీసి, అప్పటినుంచి ప్రపంచమంతా ల్యాబుల్లో దాచుకుంటున్న ఈ. కోలై. ఆరియోమైసిన్ కూడా రాకముందు నాటిది. ఈ బిళ్లల్లోని మందులు వేటినీ ఎరగదు.

రాత్రంతా గడిచింది. ఇప్పుడు రెండు పళ్లేలూ నల్లటి గుడ్డ మీద పక్కపక్కన ఉన్నాయి. 1946 నాటి పళ్లెంలో సిప్రో బిళ్ల చుట్టూ నిండు చంద్రుడిలా గుండ్రటి ఖాళీ. అక్కడ ఒక్క క్రిమి కూడా బతకలేదు. ఆమె స్కేలు ఆనిస్తుంది. 33 మిల్లీమీటర్లు. మోరీ పళ్లెంలో సిప్రో బిళ్ల చుట్టూ ఖాళీయే లేదు. పాలమీగడ లాంటి పొర బిళ్ల అంచుదాకా వచ్చి ఆగింది.

"ఎంత రాయాలి? సున్నానా?" అని మీరు అడుగుతారు.

"కాదు సార్. బిళ్ల అడ్డం కొలత 6. అందుకే ఏం పనిచేయకపోతే 6 అని రాస్తాం."

యాంపిసిలిన్ 6. సెఫోటాక్సిమ్ 6. సిప్రో 6. మెరోపెనెమ్ దగ్గర ఆమె స్కేలు ఆగి, పక్కకు జరిగి, మళ్లీ ఆగింది. 26. ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

ఆ ఊపిరి ఎందుకో చెప్పాలి. మూడేళ్ల కిందట మా నాన్నకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. జ్వరం, వణుకు. ఇంటిదగ్గర ఒక మందు, మార్చి ఇంకో మందు, నాలుగు రోజులు పోయాయి. ఐదో రోజున కల్చర్ రిపోర్టు చేతికి వచ్చింది. మందుల పేర్లు ఒక వరస, ఎదురుగా ఒకే అక్షరం, ఆర్, ఆర్, ఆర్. రెసిస్టెంట్. కింద మూడు నాలుగింటి దగ్గరే ఎస్, అంటే మందుకు లొంగుతుంది. వాటిలో మెరోపెనెమ్ ఒకటి. సెలైన్ సీసాలోంచి అది చుక్క చుక్కగా దిగుతుంటే పది రోజులు మంచం పక్కన కూర్చున్నాను. నాన్న బతికారు. ఆ ఒక్క ఎస్ అక్షరం లేకపోతే ఏమయ్యేదో ఊహించను. 2019 ఒక్క ఏడాదిలోనే ఈ మొండి క్రిముల వల్ల నేరుగా చనిపోయినవాళ్లు ప్రపంచంలో 12.7 లక్షల మంది అని లాన్సెట్ పత్రిక లెక్క. ఆ అంకెను నేను ఎప్పుడు చదివినా నాన్న మంచమే కనబడుతుంది.

ఆమె చివరి పళ్లెం తీసింది. అదే మోరీ, ఇంకో గులాబీ చుక్క. యాంపిసిలిన్ 6. సెఫోటాక్సిమ్ 6. సిప్రో 6. మెరోపెనెమ్ బిళ్ల దగ్గరికి వంగి చూసి, స్కేలు పెట్టకుండానే పళ్లెం కింద పెట్టింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ ఎత్తింది.

"రేపు మళ్లీ చేస్తాను సార్. ఒక్కసారి చూసి రాయకూడదు. బిళ్ల పాతదై ఉండొచ్చు, పూత మందమై ఉండొచ్చు." పుస్తకంలో అంకె వేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అంకె 6.

మెరోపెనెమ్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసే ఎన్‌డీఎం-1 అనే జన్యువును మొదట చూసింది 2008లో, ఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్లిన రోగిలో. 2011లో వాల్ష్ బృందం ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీళ్లూ కుళాయి నీళ్లూ పరీక్షిస్తే, 171 వీధి నమూనాల్లో 51లో, 50 కుళాయి నమూనాల్లో 2లో ఆ జన్యువు దొరికింది. పేరులో న్యూఢిల్లీ ఉందని అప్పట్లో చాలా కోపం వచ్చింది మనకు. నీళ్లలో ఉందన్న మాట మీద అంత కోపం రాలేదు.

నేను ఆసుపత్రులను నిందించడం లేదు. మోరీలో దొరికిన ప్రతి ఈ. కోలై జబ్బు చేయదు. చాలావరకు అవి మన పేగుల్లో బుద్ధిగా బతికే కాపురస్తులే. నా కడుపులో కూడా ఆ ఉంగరం తొడుక్కున్నవి ఉండే ఉంటాయి. ఆసుపత్రిలోకి అవి మనతోనే వస్తాయి. తేడా ఒక్కటే. ఇక్కడ అవన్నీ ఒకచోట కలిసి, ఒకదానికొకటి నేర్పుకుని, బయటికి వస్తాయి. బయటికి వచ్చాక మూసీ. అంబర్‌పేట దాటాక మూసీ ఒడ్డున ఆ నీళ్లతోనే పచ్చగడ్డి పెంచుతారు. ఆ గడ్డి బర్రెలకు వెళ్తుంది.

పని అయిపోయిన పళ్లేలన్నీ సంచిలో కట్టి ఆటోక్లేవులో పెట్టింది. 121 డిగ్రీలు, 15 పౌన్ల ఒత్తిడి. ఏ మందుకూ చావనివి ఇక్కడ చస్తాయి. విజిల్ లాంటి ఆవిరి చప్పుడు వరండా దాకా వస్తోంది.

తర్వాతి వారం, అదే గోడ వెనక. వాన బురద ఇంకా ఆరలేదు. మోరీ పొంగి రోడ్డు మీద నల్లటి చారలు మిగిల్చింది. పెద్దమ్మ వాటిని చీపురుతో నెడుతోంది. అమ్మాయిని చూసి ఆగింది.

"ఏమైంది బిడ్డా? సచ్చినయా?"

"కొన్ని సావలే పెద్దమ్మా. నీ కాలు జూపియ్యి."

పుండు ఇంకొంచెం పెద్దదైంది. అమ్మాయికి మనిషి పుండును పరీక్షించే అనుమతి లేదు. మోరీకే ఉంది. సంచిలోంచి కాగితం తీసి, బస్తీ దవాఖానా ఎక్కడుందో, ఎన్నింటికి తెరుస్తారో రాసింది. "ముందుగాల్నే గోలీలు ఏసుకోకు. కల్చర్ పరీక్ష చెయ్యుమని చెప్పు. చీము తీసి, ఏ మందుకు లొంగుతదో చూస్తరు. వాళ్లు పెద్ద దవాఖానాకు పంపిస్తే పో. ఇచ్చినన్ని దినాలు ఏసుకో, తగ్గినా బంద్ చెయ్యకు." వచ్చేవారం గంబూట్లు తెస్తానంది. పెద్దమ్మ కాగితాన్ని మడిచి జాకెట్ జేబులో పెట్టుకుంది. ఆ జేబులోంచే సగం కోసిన మాత్రల అట్ట ఒకటి బయటికి తీసింది.

"మరి ఇవి నాలుగు మిగిలినయ్ బిడ్డా. మోరీల పారెయ్యాల్నా?"

"వద్దు వద్దు, మోరీల ఎయ్యకు" అని అమ్మాయి చేతితొడుగు విప్పి, ఉత్త చెయ్యి చాపింది. "నాకియ్యి."